ఎడమ బూటు బిగువు

మా బావ మనుషుల మొహాలు ఆలస్యంగా చూస్తాడు. ముందు కాళ్ళు చూస్తాడు. మా అక్కను మొదటిసారి చూసినప్పుడు కూడా ఆమె చెప్పుల మీదే చూపు పెట్టి, కుడి మడమ ఒకవైపే అరిగింది కాబట్టి ఈ అమ్మాయి ఎప్పుడూ తొందరలో ఉంటుందని తేల్చేశాడట. ఈ మాట అక్క ముప్ఫై ఏళ్ళుగా చెప్పుకుని మురిసిపోతోంది. అందులో అంత మురిసిపోయేదేముందో నాకు ఇప్పటికీ తెలియదు.

మాది కొలతలు తీసుకుని బూట్లు కుట్టే కొట్టు. కింద కొట్టు, పైన వాళ్ళ ఇల్లు, మధ్య పద్నాలుగు మెట్లు. బావ తోలు కోస్తాడు, నేను కుడతాను. ఇరవై ఆరేళ్ళుగా ఒకే బల్లకు చెరోవైపు కూర్చుని బతుకుతున్నాం. నాకు ముక్కు మీద కోపం. ఆయనకు కోపమే రాదు, అందుకు నాకు ఇంకా కోపం. కుట్టు వంకరపోయినప్పుడల్లా నేను తోలు బాగాలేదంటాను. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, ఆడలేక మద్దెల ఓడన్నాడట నీలాంటివాడెవడో, అంటాడు. ఈ సామెత నేను కొన్ని వేలసార్లు విని ఉంటాను.

పనిలో ఆయనకు మూడు పట్టింపులు. కొలత సాయంత్రమే తీయాలి. రోజంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది, పొద్దుటి కొలతకు కుడితే సాయంత్రానికి కరుస్తుంది. పొద్దుటి పాదం అబద్ధాలాడుతుందిరా, అంటాడు. తర్వాత, వేళ్ళ ముందు ఒక వేలెడు సందు వదలాలి. ఎంత సోకు చేసుకునేవాడు వచ్చి బిగువుగా కావాలన్నా సరే, ఆ సందు తగ్గించడు. ఇక మూడోది కాగితం. వచ్చినవాళ్ళెవరైనా పొట్లాలు కట్టే మందపాటి కాగితం మీద రెండు కాళ్ళూ ఆనించి నిలబడాలి. చుట్టూ పెన్సిలుతో గీత గీసి, తేదీ వేసి, ట్రంకుపెట్టెలో దాస్తాడు. ఊళ్ళో సగం మంది పాదాలు ఆ పెట్టెలో ఉన్నాయి. పోయినవాళ్ళవి కూడా పారేయనివ్వడు. ఆయనవీ, అక్కవీ, నావీ అన్నిటికన్నా అడుగున ఉంటాయి.

కిందటేడు ఆయనకు పెద్దపేగులో క్యాన్సర్ అన్నారు. కోసి తీసేశారు. ఇంకా ఎక్కడైనా నలుసంత మిగిలి ఉంటే అది కూడా చావాలని, రెండు వారాలకోసారి చొప్పున పన్నెండుసార్లు కీమో పెట్టారు.

మొదటిసారి నేనే తీసుకెళ్ళాను. పొడవాటి గది, వెనక్కి వాలే కుర్చీలు, ఒక్కో కుర్చీ పక్కన ఒక్కో స్టాండు, దానికి మందు సంచీ. అందరూ సంచులకేసి చూస్తుంటే మా బావ కుర్చీల కిందకు చూస్తున్నాడు. పక్కాయన చెప్పు పట్టీ రేపో మాపో ఊడుతుందనీ, ఎదురుగా ఉన్నావిడ ఒక నంబరు పెద్దది తొడుక్కుందనీ నా చెవిలో చెప్పాడు. మందు ఎక్కించే పొడుగు నర్సు వచ్చి నరం వెతుకుతుంటే, ఆ బూట్లు మార్చమ్మా, సాయంత్రానికి నడుం పట్టేస్తుంది అన్నాడు. ఆ అమ్మాయి నవ్వి, పట్టేస్తోందండీ అంది. ఆ రోజు నుంచి మేమంటే ఆమెకు కాస్త అభిమానం.

ఆమే మాకొక కాగితాల కట్ట ఇచ్చి, ఇంటికెళ్ళి అంతా చదవమంది. ఏమేం జరగొచ్చో అందులో ఉంది. నోరు పూయడం, వాంతులు, విరేచనాలు, అవి లేకపోతే మలబద్ధకం. నీరసం. వేళ్ళు, అరికాళ్ళు తిమ్మిరెక్కడం. చల్లటి వస్తువు ముట్టుకుంటే సూదులు గుచ్చినట్టుండటం. ఇది రావచ్చు, అది రావచ్చు, రెండూ రావచ్చు, ఏదీ రాకపోవచ్చు. కాలికేస్తే మెడకు, మెడకేస్తే కాలికి అన్నట్టుంది ఆ వ్యవహారం. నాలుగు పేజీలు చదివేసరికి నా తల తిరిగింది. మడిచి సొరుగులో పడేశాను. ఐదో పేజీలో ఏముందో ఇప్పుడు నాకు కంఠతా వచ్చు. అప్పుడు మాత్రం చదవలేదు.

మొదటి మూడు విడతలూ కాగితంలో ఉన్నట్టే జరిగాయి. నోరు పూసింది. ఉంటుందన్నారుగా, అనుకున్నాం. అరికాళ్ళు మొద్దుబారి, నేల మీద నడుస్తున్నానో దూది మీద నడుస్తున్నానో తెలియట్లేదన్నాడు. ఉంటుందన్నారుగా. స్టీలు గ్లాసు పట్టుకుంటే షాకు కొట్టిందన్నాడు. అదీ ఉంటుందన్నారుగా. ఏది వచ్చినా దాని పేరు ముందే విని ఉన్నాం. అక్క అయితే ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా అనుకున్న రైలు అనుకున్న టైముకు వచ్చినంత ధీమాగా ఉండేది. మూడో విడత తర్వాత పరీక్షలు చూసి డాక్టరమ్మ కూడా అంతా బాగానే ఉందనడంతో, నేను వీధిలో కనబడిన ప్రతివాడికీ ఆ మాట చెప్పుకొచ్చాను.

నాలుగో విడత అయిన ఐదో రోజున బావ కొట్లోకి దిగి, ఎడమ బూటు విప్పి బల్ల మీద పెట్టాడు. బిగువుగా ఉందిరా, అన్నాడు.

ఆ జత నేను కుట్టిందే. రెండేళ్ళుగా తొడుగుతున్నాడు. రెండేళ్ళు కరవనిది ఇప్పుడెందుకు కరుస్తుందని ఆరా తీస్తే, ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు వానలో తడిసిందనీ, అక్క దాన్ని పొయ్యి పక్కన ఆరబెట్టిందనీ తేలింది. ఇంకేం, తడి తోలుకు సెగ తగిలితే ముడుచుకుపోతుంది. ముప్ఫై ఏళ్ళు బూట్లు కుట్టేవాడితో కాపురం చేసి ఆపాటి తెలియదా అని అక్క మీద ఎగిరాను. పాదం ఆకారంలో చెక్కిన కర్ర అచ్చు ఉంటుంది మాకు. దాని మీద తోలుముక్క ఒకటి అతికి, బూటులోకి దిగ్గొట్టి, ఒక రోజంతా ఉంచి సాగదీశాను. తొడుక్కుని, హాయిగా ఉందిరా అన్నాడు.

మూడు రోజులకు మళ్ళీ బల్ల మీదకొచ్చింది అదే బూటు. ఎక్కడ బిగువు అని అడిగితే సరిగ్గా చెప్పలేకపోయాడు. అంతా మొద్దుగా ఉంది, ఎక్కడని చెప్పను, లేసు కట్టుకుంటే అంచులు కలవడం లేదు, అంతే తెలుసు, అన్నాడు. నాకు లోపల మండింది. నా కుట్టు లోపలికి లాగేసిందని ఆయన అనుమానం అని నాకు అనుమానం. ఈసారి రెండు తోలుముక్కలు అతికి అచ్చు దిగ్గొట్టాను. ఇంకో రెండు రోజులు పోయాక మూడోసారి తెచ్చాడు. పక్క కుట్టు విప్పి, మధ్యలో సన్నటి తోలుపట్టీ వేసి మళ్ళీ కుట్టాను. మా కొట్టు పుట్టాక ఒకే బూటును వారంలో మూడుసార్లు వదులు చేసింది లేదు. చేసింది నేనే, నా చేతులతోనే.

అదే రోజుల్లో పిక్క లాగుతోందని అంటుండేవాడు. అక్క రోజూ సాయంత్రం నూనె వెచ్చచేసి మర్దనా చేసేది. పిక్క గట్టిగా, కాస్త ఎర్రగా ఉన్నట్టు ఆమె చూసింది. పొద్దస్తమానం కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంటే నీరు దిగదూ మరి, అనుకుంది. ఎరుపు తన మర్దనా వల్లే అనుకుంది. మెట్లు ఎక్కేటప్పుడు ఏడో మెట్టు మీద ఆగి గోడకేసి చూస్తూ నిలబడేవాడు. ఏమిటి బావా అంటే, ఈ గోడకు సున్నం వేయించాలిరా, అనేవాడు. కీమో వల్ల రక్తం తగ్గి ఆయాసం వస్తుందని కాగితంలో రెండో పేజీలోనే ఉంది. కాబట్టి అదీ సరిపోయింది.

నాలుగోసారి బూటు బల్ల మీదకొచ్చేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. పొద్దున్నే, అప్పుడే కొట్టు తలుపు తీశాను. తప్పు నా కుట్టుది కాదని రుజువు చేస్తే గానీ సూది ముట్టనని చెప్పి, ట్రంకుపెట్టె తిరగేసి ఆయన పాత కాగితం తీశాను. నేల మీద కొత్త కాగితం పరిచి, నిలబడు అన్నాను. పొద్దున కొలత తీస్తావేంట్రా, బుద్ధి లేదూ, అంటూనే నిలబడ్డాడు. గీత గీసి, రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించాను.

కుడి పాదం పాత గీతకు వెంట్రుకంత లోపల ఉంది. ఉండాల్సిందే, పాతది సాయంత్రం గీసింది, ఇది పొద్దుటిది. ఎడమది పాత గీత దాటి చుట్టూరా అరవేలు బయటికి వచ్చింది.

నేను ఏదో రుజువు చేద్దామనుకున్నాను. అది రుజువయింది కూడా. బూటు తప్పు లేదు. అయినా నాకు సంతోషం రాలేదు, ఎందుకు రాలేదో కూడా వెంటనే అర్థం కాలేదు.

"సాయంత్రం గీతను పొద్దుటి కాలు దాటిందేంటి బావా?" అన్నాను.

ఆయన దగ్గరకొచ్చి చాలాసేపు చూశాడు. పెన్సిలు వంచి గీశావు, నిలువుగా పట్టుకుని మళ్ళీ గీయమన్నాడు. మళ్ళీ గీశాను. అంతే వచ్చింది. అప్పుడు ప్యాంటు పైకి లాగమన్నాను. కుడి పిక్క ఎప్పటిలా బక్కగా ఉంది. ఎడమది నున్నగా మెరుస్తూ, వేరే మనిషి కాలు తెచ్చి తగిలించినట్టుంది. చెయ్యి వేస్తే వెచ్చగా తగిలింది.

"తిరిగితే రెండూ ఉబ్బాలి. ఒక్కటే ఉబ్బుతుందా ఎక్కడైనా?" అన్నాడు. నన్నడిగాడో తనను తానే ప్రశ్నించుకున్నాడో తెలియలేదు. వంగి కాలు చూసుకోబోయి, ఊపిరి అందక బల్ల పట్టుకున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది సొరుగులో కాగితాల కట్ట. ఐదో పేజీ తీశాను. ఒక కాలు మాత్రమే వాచినా, వేడిగా ఉన్నా, నొప్పిగా ఉన్నా, ఆయాసం వచ్చినా, రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, ఆగకుండా ఈ నంబరుకు ఫోన్ చేయండి అని పెద్ద అక్షరాల్లో ఉంది. అంత పెద్ద అక్షరాల్లో ఉన్నదాన్ని వదిలేసి, అంత చిన్న అక్షరాల్లో ఉన్న నోటిపూత గురించి మూడుసార్లు చదివాను నేను. నా బుద్ధిని ఏం చేయాలో నాకు తెలియలేదు.

అక్క పైనుంచి దిగివచ్చి కంగారుపడింది. ఎల్లుండి ఎలాగూ ఐదో విడతకు వెళ్ళాలి కదా, అప్పుడు చూపిద్దాం, ఊరికే వాళ్ళను విసిగిస్తే ఏమనుకుంటారో అంది. నాకూ ఒక్క క్షణం అలాగే అనిపించింది, అబద్ధం ఎందుకు. ఫోన్ చేసి ఏమని చెప్పాలి, బూటు బిగువైందనా? అయినా నంబరు నొక్కాను. పొడుగు నర్సే ఎత్తింది. నేను వాన దగ్గర నుంచి, పొయ్యి దగ్గర నుంచి, అచ్చు దిగ్గొట్టిన దగ్గర నుంచి మొదలుపెట్టాను. ఆమె మధ్యలో ఆపింది.

"ఒక కాలా, రెండు కాళ్ళా?"

"ఒకటేనమ్మా. ఎడమది."

ఆయాసం ఉందా అని అడిగింది. ఉందన్నాను. వెంటనే తీసుకురండి, కాలు పిసకొద్దు, మెట్లు ఎక్కించొద్దు అని పెట్టేసింది. పిసకొద్దు అన్న మాట నేను పైకి అనగానే అక్క చేతులకేసి చూసుకుంది. నిన్న సాయంత్రం నూనె మరక ఇంకా ఆమె కొంగుకు ఉంది.

ఆటో వచ్చింది. బావ మాత్రం బూట్లు లేకుండా కదలనన్నాడు. బూట్లు కుట్టేవాడు చెప్పులతో ఆసుపత్రికి పోతే కొట్టు పరువేం కావాలని ఆయన గోల. మూడుసార్లు వదులు చేసిన బూటు ఆ పూట మడమ దాకా కూడా ఎక్కలేదు. చివరికి కుడి కాలికి నల్లబూటు, ఎడమ కాలికి అక్క స్నానాలగది రబ్బరు చెప్పు, గులాబీ రంగుది, తొడుక్కుని వీధిలోకి వచ్చాడు. ఎదురు కొట్టాయన చూసి నవ్వబోయి, మా మొహాలు చూసి మానేశాడు. నేను ఆటోలో ఆ ఎడమ బూటు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎందుకు తెచ్చానో నన్నడగొద్దు.

కాలి మీద జిగురేదో పూసి, యంత్రం ఆనించి తొడ దాకా జరిపి చూశారు. తర్వాత ఛాతీకి వేరే పరీక్ష అన్నారు. మధ్యాహ్నానికి డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. పిక్క లోపలి రక్తనాళంలో రక్తం గడ్డకట్టి తొడ దాకా పాకిందట. అందులో ఒక చిన్న ముక్క విడిపోయి ఊపిరితిత్తికి చేరిందట. ఆయాసం దానివల్లేనట. క్యాన్సర్ ఉన్నవాళ్ళకు, అందులోనూ కీమో నడుస్తున్నప్పుడు, రక్తం ఇలా గడ్డకట్టడం ఎక్కువేనంది. గడ్డ పెరగకుండా ఇంజెక్షన్లు మొదలుపెట్టేశామంది.

అక్కకు మొదట వినపడింది గడ్డ అన్న మాటొక్కటే. పేగులోది కాలికి దిగిందా డాక్టర్ గారూ, అంది. అది కాదమ్మా, ఇది ఉట్టి రక్తమే అని ఓపిగ్గా రెండుసార్లు చెప్పింది ఆవిడ. అక్క తలూపింది గానీ, అర్థమైందని నేననుకోను. నాకే అర్థం కాలేదు. క్యాన్సర్ తగ్గుతోందని సంబరపడుతున్నాం, తగ్గిస్తున్న మందే ఇటు రక్తాన్ని గడ్డకట్టిస్తోందా? మరి ఆ మందు మనవైపా, అటువైపా? అదే అడిగాను. డాక్టరమ్మ, రెండువైపులా ఉంటుందండీ, అందుకే మేం కాపలా ఉంటాం, మీరూ ఉండాలి, అంది. నా మర్దనా వల్లే ముక్క విడిపోయిందా అని అక్క అడిగింది. అలా అనడానికి లేదు, తనంతట తనే కూడా విడిపోతుంది, ఇకమీదట మాత్రం పిసకొద్దు, అంది. ఎల్లుండి దాకా ఆగి ఉంటే, అని నేను మొదలుపెట్టాను. ఆగలేదుగా, అని ఆవిడ లేచింది.

నేను వరండాలోకి వచ్చి బల్ల మీద కూర్చున్నాను. ఒళ్ళో బూటు. నా కుట్టు ఎంత బాగుందో చూశాను. మూడుసార్లు వదులు చేసినా ఎక్కడా ఒక్క దారం లేవలేదు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. అటుగా వెళ్తున్న పొడుగు నర్సు ఆగి, ఆయన బూటా అని అడిగి, నా పక్కన ఒక నిమిషం కూర్చుని వెళ్ళింది.

వారం ఉంచి ఇంటికి పంపారు. రోజుకు రెండుసార్లు పొట్ట మీద ఇంజెక్షన్, తర్వాత బిళ్ళలు, నెలల తరబడి. అక్క ఇంజెక్షన్ చేయడం నేర్చుకుంది, మొదటిరోజు కళ్ళు మూసుకోబోతే బావే తిట్టి తెరిపించాడు. కీమో కొన్నాళ్ళు ఆపి మళ్ళీ మొదలుపెట్టారు. గడ్డకట్టనివ్వని మందు పడుతోంది కాబట్టి చెయ్యి తెగితే రక్తం ఒక పట్టాన ఆగదట. కత్తి, తోలుకు తూట్లు పొడిచే ఆరె, రెండూ ముట్టొద్దన్నారు. ముప్ఫై ఐదేళ్ళుగా తోలు కోసిన మనిషి ఇప్పుడు పెన్సిలు ఒక్కటి పట్టుకుని ఎదురుగా కూర్చుని నాకు వంకలు పెడుతుంటాడు. నాలుగు రోజులు కిందామీదా పడ్డాక కత్తి నాకు అలవాటైంది. ఆయన చూపు నా చేతి మీద నుంచి కదలడం మాత్రం లేదు.

నెల తిరిగేసరికి వాపు చాలా దిగింది. ఇప్పుడు ఎడమ బూటు వదులైపోయి, నడుస్తుంటే టపటపా కొట్టుకుంటోంది. మెట్ల మీద ఆ చప్పుడు విన్నప్పుడల్లా నాకు చెంపదెబ్బ తగిలినట్టు ఉండేది. ఒక సాయంత్రం నేనే కాగితం పరిచి, నిలబడు బావా, కొత్త జత కుడతాను అన్నాను. నిలబడ్డాడు. గీశాను, తేదీ వేశాను. ఎడమ గీత కుడిదానికన్నా ఇంకా దారమంత లావుగానే ఉంది, అలాగే ఉండిపోవచ్చన్నారు. వేళ్ళ ముందు అలవాటు చొప్పున సందు కోసం పెన్సిలు పెట్టబోతే, ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఎడమదానికి సందు వదలకు. అంచులు కూడా గీత మీదే కొయ్యి."

పరాచికాలాడుతున్నాడనుకున్నాను. మొహం చూస్తే కాదు. ఎంతమంది బతిమాలినా వేలెడు సందు తగ్గించని మనిషి.

"కాస్త వాచినా కరుస్తుంది బావా."

"కరవనీ. కాలు మొద్దుబారిపోయింది, దానికేమీ తెలియట్లేదు. బూటుకన్నా తెలియాలి కదరా," అన్నాడు. "ఈసారి బిగువుగా ఉందంటే బూటును సాగదీయకు. నన్ను తీసుకుపో," అన్నాడు.

అలాగే అన్నాను. తోలు గీత మీదే కోశాను, వెంట్రుకంత కూడా వదల్లేదు. మైనం దారం ఎక్కించి కుట్టడం మొదలుపెట్టాను. నాలుగు కుట్లు పడేసరికి కళ్ళు మసకలై, ఆరె ఎక్కడ దిగుతోందో కనబడలేదు. ఐదో కుట్టు వంకరపోయింది. బావ చూశాడు.

తోలు బాగాలేదు, అన్నాను.

ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి, ఆయన మద్దెల మాట ఎత్తలేదు.